ఊదా గుడ్డ కప్పని నవ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది చూడొచ్చో ఏది చూడకూడదో తేల్చేది ఒక గుడ్డ. ఊదారంగు గుడ్డ. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం చివరి రోజుల్లో గుడిలో స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డలు కప్పుతారు కదా, వాటిని కుట్టే పని మా మామ్మది. ఒక ఏడు ఓ గజం ముక్క మిగిలితే ఫాదర్‌గారిని అడిగి తెచ్చుకుంది. దానికి చుట్టూ అంచు కుట్టి, కొత్తగా కొన్న టీవీ మీద పరిచింది. ఆ గుడ్డను ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వు రాదు. ఒకప్పుడు వచ్చేది.

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరస మొత్తానికి టీవీ ఉన్నది మాకొక్కళ్లకే. మా నాన్న గార్డుగా చేస్తూ, లైను మీద తిండి తిప్పలు మానుకుని కొన్నాడు. నలుపు తెలుపు డబ్బా, ముందు జరిపే చెక్క తలుపులు. దాన్ని పెట్టడానికి వేరే చోటు లేక, తిరుహృదయం పటం కిందే బల్ల వేసి పెట్టారు. అంటే మేము టీవీ చూస్తుంటే ఏసయ్య మమ్మల్ని చూస్తుండేవాడు. సాయంత్రమైతే శ్రీకాకుళం వాళ్లు, విజయనగరం వాళ్లు, వెనక వరస బెంగాలీ బౌదీ, అందరూ మా ఇంటికే. గుమ్మం బయట కూడా జనం నిలబడి చూసేవారు.

మామ్మ టీవీ పక్కనే పీట వేసుకుని కూర్చునేది. పెట్టె తెరిచే ముందు ఆవిడ ఒకటే అడిగేది. "ఇది సూత్తే రేపు ఫాదర్‌గారికి సెప్పుకోవాలా, అక్కర్నేదా?" పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సి వచ్చేదైతే చూడకూడదు. అక్కర్లేనిదైతే చూడొచ్చు. అంతే, ఆవిడ మనస్సాక్షికి అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ఆడపిల్ల నడుం ఊగితే చాలు, ఊదా గుడ్డ టపీమని కిందికి దిగేది. పాట అయిపోయేదాకా పైకి లేచేది కాదు. "మాషీమా, ఎక్‌టు దేఖ్‌తే దావ్" అని బౌదీ బతిమాలేది, కాస్త చూడనివ్వమని. మామ్మ వినేదా? ఊహూఁ!

కానీ ఆ గుడ్డ పల్చన. వెనక నుంచి వెలుతురు వస్తుంటే బొమ్మ మొత్తం కనిపించేది. మామ్మకు చత్వారం, ఆవిడకు తెలియదు. మాకు తెలుసు, మేము చెప్పలేదు. అలా నేను ఊదారంగు డాన్సులు చూస్తూ పెరిగాను.

తపస్సుకాలం వస్తే టీవీ తలుపులు మూతపడేవి. మాంసం లేదు, సినిమా లేదు, శుక్రవారాలు సిలువ మార్గం. అయితే ఆ నలభై రోజుల లెక్కలోకి ఆదివారాలు రావు. ఆదివారం ఉపవాసం ఉండక్కర్లేదని జ్ఞానోపదేశంలో మాకు సిస్టరమ్మే చెప్పింది. నేను ఊరుకుంటానా! ఆదివారం టీవీ చూస్తే తప్పేమిటని ఇంట్లో గోల చేశాను. అప్పుడు నాకు పదేళ్లు, నోరు మాత్రం ఇరవై ఏళ్లది. మామ్మ ఆలోచించి ఒప్పుకుంది. "నవ్వులది అయితే సూడండి. నవ్వితే పాపమేటి?" అంది.

అలా మాకు ఆదివారం సాయంత్రం వచ్చే హిందీ నవ్వుల సీరియల్ దొరికింది. అందులో ఒక నౌకరు ఉండేవాడు. వాడికి నత్తి. యజమాని పిలిస్తే "మా... మా... మా..." అంటూ ఆగిపోయేవాడు. యజమాని వచ్చి వాడి వీపు మీద ఫట్‌మని చరిచేవాడు. అప్పుడు "మాలిక్!" అని మాట ఊడిపడేది. టీవీలోంచి పెద్ద నవ్వు వచ్చేది, మా గదిలోంచి అంతకన్నా పెద్ద నవ్వు. మామ్మ పళ్లు లేని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ సీరియల్ మీద ఊదా గుడ్డ ఒక్కసారి కూడా దిగలేదు.

ఆ గదిలో నవ్వని మనిషి మా తాతయ్య ఒక్కడే. వర్క్‌షాప్‌లో బాయిలర్ల దగ్గర సుత్తి దెబ్బలు విని విని ఆయనకు చెవులు పోయాయి. దగ్గరికెళ్లి గట్టిగా అరిస్తే తప్ప వినిపించేది కాదు. మూల కుర్చీలో కూర్చుని అందరితోపాటు చూసేవాడు. వినపడక నవ్వలేదు, పాపం, అనుకునేవాళ్లం.

ఇక అక్క సంగతి చెప్పాలి. మా గోడకు ఆనుకున్న క్వార్టర్‌లో ఉండేది, పక్కింటి అక్క. వాళ్ల నాన్న పాయింట్స్‌మన్. మా గుడికే వచ్చేవాళ్లు. పంతొమ్మిదేళ్ల పిల్ల, మెట్రిక్ పాసైంది, చేతిరాత ముత్యాలు. కానీ అక్కకు నత్తి. మాట మధ్యలో తలుపు వేసినట్టు ఆగిపోయేది, పెదవులు తెల్లబడేవి, మెడ నరాలు ఉబ్బేవి. మేము ఆమె దగ్గరే పెరిగాం కాబట్టి మాకది వింతగా ఉండేది కాదు. మాట వచ్చేదాకా ఆగేవాళ్లం. మా జడలు వేసేది, పేలు చూసేది, పండక్కి గోరింటాకు పెట్టేది ఆమే.

గుడి పక్కన సిస్టరమ్మల చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది. అక్కకు అక్కడ టీచరు కావాలని ఉండేది. పెద్ద సిస్టరమ్మకు అక్క అంటే ఇష్టమే కానీ భయం. నలుగురి ముందు మాట రాని పిల్ల పాఠం ఎలా చెబుతుందని. చివరికి ఒక మాట అంది. గుడ్‌ఫ్రైడే నాడు గుడిలో బైబిల్లోంచి మొదటి పఠనం నిలబడి పూర్తిగా చదివితే, బడి తెరిచే రోజు నుంచి రమ్మంది. ఫాదర్‌గారు కూడా సరే అన్నారు.

ఆ రోజు నుంచి అక్క ప్రతి సాయంత్రం మా వరండాలోకి వచ్చి తాతయ్య ఎదురుగా కూర్చుని చదివేది. ఎందుకు తాతయ్య దగ్గరే అంటే, ఆయనకు వినపడదు కనక. నత్తి వినపడని మనిషి ముందు ఆమెకు భయం ఉండేది కాదు. తాతయ్య ఆమె పెదవులను చూస్తూ కూర్చునేవాడు. మాట ఆగితే తన చేతిలోని జపమాలలో ఒక పూసను బొటనవేలితో పట్టుకుని చూపించేవాడు. అక్క కూడా తన జపమాలలో పూసను పట్టుకునేది. ఇద్దరూ ఆగేవారు. ఎంతసేపైనా సరే. తర్వాత మాట వచ్చేది. వచ్చి తీరేది. నెల తిరిగేసరికి అక్క ఆ పేజీ అంతా చదవగలిగింది. మూడో నాలుగో చోట్ల ఆగేది, అంతే.

సరిగ్గా ఆ నెలలోనే నేను నౌకరు వేషం నేర్చుకున్నాను. నాకు ఎవరిని చూసినా అచ్చం అలాగే చేసి చూపించే విద్య ఉండేది. ఈస్టర్‌కు వారం ముందు మట్టలాదివారం నాడు సీరియల్ అయిపోగానే జనం లేవకముందే గది మధ్యకెళ్లి "మా... మా... మా..." అన్నాను. కళ్లు పైకి తిప్పాను, మెడ నరాలు ఉబ్బించాను. మా చెల్లి వెనక నుంచి నా వీపు చరిచింది. "మాలిక్!" ఇంటి పైకప్పు లేచిపోయింది. "ఓలమ్మ! ఈ గుంట అసాధ్యురాలే!" అని శ్రీకాకుళం పిన్ని కళ్లు తుడుచుకుంది. అక్క కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వింది. అది నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ నవ్వు చూసే నేను ఇంకోసారి చేశాను.

ఒక్క సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. టీవీ నౌకరుకి మెడ నరాలు ఉబ్బవు. పెదవులు తెల్లబడవు. అవి నేను ఎక్కడి నుంచి తెచ్చుకున్నానో నాకు తెలుసు.

ఆ వారమంతా కాలనీ పిల్లలకు అదే ఆట. ఎవరికి మాట తడబడినా పక్కవాళ్లు వీపు మీద ఒక్కటి ఇచ్చేవారు, వాళ్లు "మాలిక్!" అనేవారు. బుధవారం మమ్మల్ని పాపసంకీర్తనానికి తీసుకెళ్లారు. నేను మోకరించి నా మనస్సాక్షిని పరీక్షించుకున్నాను. గుడ్డలోంచి డాన్సు చూశాను, స్వామీ. మామ్మకు చెప్పలేదు, స్వామీ. శుక్రవారం నాడు ఎండు చేప ముక్క నోట్లో వేసుకున్నాను, స్వామీ. నౌకరు వేషం నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చినా చెప్పేదాన్ని కాదు. నవ్వులది కదా, మామ్మ గుడ్డ కప్పలేదు కదా. ఫాదర్‌గారు మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. చెప్పేసి, గంగలో మునిగినంత పవిత్రంగా ఇంటికి వచ్చాను.

గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలు. గుడిలో గంట లేదు, పాట లేదు, స్వరూపాలన్నిటి మీదా మామ్మ కుట్టిన ఊదా గుడ్డలు. పిల్లలం ముందు చాప మీద కూర్చున్నాం. అక్క తెల్ల చీర కట్టుకుని, తల మీద ముసుగు వేసుకుని పఠనానికి నిలబడింది. చేతిలో జపమాల. ముందు వరసలో తాతయ్య, ఆయన చేతిలోనూ జపమాల.

అక్క మొదలుపెట్టింది. ఎంత బాగా చదివిందనీ! ఒకచోట ఆగింది, పూస పట్టుకుంది, మాట వచ్చింది. ఇంకోచోట ఆగింది, వచ్చింది. పెద్ద సిస్టరమ్మ మొహం విచ్చుకోవడం నేను చూశాను. ఆ రోజు చదివేది, ఎన్ని దెబ్బలు పడినా నోరు మెదపని ఒక మనిషి గురించి. సరిగ్గా అతను నోరు మెదపలేదనే మాట దగ్గరికి వచ్చేసరికి అక్క మళ్లీ ఆగింది. పెదవులు తెల్లబడ్డాయి. బొటనవేలు పూస మీద ఉంది. తాతయ్య బొటనవేలు పూస మీద ఉంది. గుడి మొత్తం ఆగింది. ఎవరూ కంగారు పడలేదు. ఇంకొక్క క్షణం ఉంటే ఆ మాట వచ్చేది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, వచ్చేది.

నా చెయ్యి లేచింది. నేను లేపానా, అదే లేచిందా, ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. పక్కనున్న చెల్లి వీపు మీద పడింది. వారం రోజులుగా అలవాటైన గొంతుతో చెల్లి "మాలిక్!" అంది.

చాప మీద పిల్లలందరూ పగలబడి నవ్వారు. వెనక ఎవరో పెద్దవాళ్లు కూడా నోరు మూసుకుని కిసుక్కుమన్నారు. అక్క ఫాదర్‌గారి వైపు చూడలేదు, సిస్టరమ్మ వైపు చూడలేదు. తిన్నగా నా వైపు చూసింది. తర్వాత పుస్తకంలోని ఎర్ర రిబ్బను తీసి ఆ పేజీలో సరిగ్గా పెట్టి, పుస్తకం మూసి, కిందికి దిగి వెళ్లిపోయింది. మిగతాది ఫాదర్‌గారే చదివేశారు. తాతయ్యకు మాత్రం ఏం జరిగిందో తెలియలేదు. వినపడలేదు కదా. చుట్టూ మొహాలు చూస్తూ పూసను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మ నన్ను చీపురుతో కొట్టింది. తాతయ్య మాత్రం కొట్టలేదు, తిట్టలేదు. మా చెల్లే ఆయన చెవిలో అంతా అరిచి చెప్పింది. విని మూల కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు. అంతే.

ఈస్టర్ ఆదివారం వచ్చింది. కోడికూర వండారు, కొత్త గౌను వేశారు. సాయంత్రం టీవీ తలుపులు తెరిచారు. జనం మామూలుగానే వచ్చారు, పక్కింటి వాళ్లు తప్ప. సీరియల్ మొదలవుతుంటే తాతయ్య మూలలోంచి లేచి వచ్చి, టీవీ గుండీని చివరిదాకా తిప్పి చప్పుడు తీసేశాడు. అందరూ హాఁ హూఁ అన్నారు. ఆయనకు అదీ వినపడదు. నన్ను పిలిచి తన కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"ఒలే గుంటా, ఆడి మొకం సూడు. ఇంకేటీ సూడకు" అన్నాడు.

చూశాను. చప్పుడు లేదు, నవ్వు లేదు. ఒక మనిషి నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. మళ్లీ తెరుస్తున్నాడు. కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఎవరైనా ఆగుతారా అన్నట్టు. వెనక నుంచి ఒకడు వచ్చి కొట్టాడు. వాడు ముందుకు తూలాడు. తూలి, వెంటనే నవ్వు మొహం పెట్టాడు. వాడు నటుడే, నిజమైన నత్తి కాదని నాకు తెలుసు. అయినా నాకు అక్కడ కనిపించింది వాడు కాదు. మట్టలాదివారం నాడు మా గుమ్మం దగ్గర నవ్విన అక్క. ఆ నవ్వు కూడా అలాగే, వెంటనే పెట్టుకున్నది.

"నాకు ఎప్పుడూ ఇలగే అగుపిస్తాది" అన్నాడు తాతయ్య. "మీ నవ్వు నాకు ఇనపడదు. ఆణ్ని కొట్టడమే అగుపిస్తాది."

"మరి ముందే సెప్పలేదేటి తాతయ్యా?" అని ఆయన చెవిలో ఏడుస్తూ అరిచాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "సెప్పాల్సింది. ఆదివారం పూట, అందరూ సంబరంగా ఉన్నారు, నాకెందుకులే అనుకున్నాను. నీ తప్పులో సగం నాది" అన్నాడు. మామ్మ తలవంచుకుంది. చేతిలో ఊదా గుడ్డ ఉంది కానీ దాన్ని ఎక్కడ కప్పాలో ఆవిడకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న ఈస్టర్ కేకు ముక్క పట్టుకుని పక్కింటికి వెళ్లాను. తప్పయిపోయిందని చెప్పాలి. వెళ్లాక నాకే మాట రాలేదు. నిలబడిపోయాను. అక్క ఆగింది. నా మాట వచ్చేదాకా, అలవాటు ప్రకారం, ఓపిగ్గా ఆగింది. ఎంతకీ రాకపోతే తనే మాట్లాడింది. "ను... నువ్వు బాగా సేసినావే. టీ... టీవీలోవోడి కంటే నువ్వే బాగా సేసినావు" అంది. కోపంగా అంటే బాగుండేది. నిజంగానే మెచ్చుకున్నట్టు అంది. కేకు తీసుకుని పళ్లెం కడిగి ఇచ్చింది. అంతకుమించి మా మధ్య ఆ మాట ఇంకెప్పుడూ రాలేదు.

అక్క మళ్లీ వరండాకు రాలేదు. మెల్లమెల్లగా అసలు మాట్లాడటమే మానేసింది. తాతయ్య రోజూ సాయంత్రం ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. వానాకాలం దాకా వేయించుకున్నాడు. బడి తెరిచే రోజుకి సిస్టరమ్మ వేరే ఎవరినో పెట్టుకుంది. సిస్టరమ్మను ఏమనగలం? గుడి నిండా జనం చూశారు.

ఇప్పుడు నేను మామ్మనయ్యాను. మా మనవడు ఫోను పట్టుకుని నవ్వుతుంటే తొంగి చూస్తాను. ఎవడో కాలు జారి పడతాడు, ఎవరికో మాట తడబడుతుంది, వెనక నుంచి నవ్వు. నేను చప్పుడు తీసేసి "మొకం సూడరా" అంటాను. "సౌండ్ లేకపోతే ఏటి నవ్వొస్తాది మామ్మా?" అంటాడు, ఫోను లాక్కుని వేరే గదిలోకి పోతాడు. మా తాతయ్యకు నేనొక్కదాన్నయినా దొరికాను. నాకు ఒక్కరూ దొరకలేదు. ఇంకా నయం, మా ఇంట్లో మామ్మకు గుడ్డయినా ఉండేది అనుకుంటాను, అంతలోనే ఆ గుడ్డ దేన్ని కప్పకుండా వదిలేసిందో గుర్తొస్తుంది.

పాపసంకీర్తనంలో ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ప్రతి కొత్త ఫాదర్‌గారికీ చెబుతాను. దేవుడు ఎప్పుడో క్షమించాడమ్మా, ఇంక మోయకు అంటారు. దేవుడు క్షమించాడేమో. అక్క గొంతు తిరిగి రాలేదు. అమ్మానాన్నలు పోయాక ఆమె ఖరగ్‌పూర్‌లోనే సుభాష్‌పల్లిలో తమ్ముడి ఇంట్లో, వెనక గదిలో ఉంటోంది. జాకెట్లు కుడుతుంది. అంగడికెళ్తే వేలు చూపించి సరుకులు కొనుక్కుంటుంది. అక్కడ పాలు పోసే బెంగాలీ దాదా ఆమెను బోబా దీదీ అంటాడు, అంటే మూగ అక్క అని. నేను మొదటిసారి విన్నప్పుడు ఆమె మూగది కాదయ్యా అని వాడితో దెబ్బలాడాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ప్రతి గుడ్‌ఫ్రైడేకి గుడి అయ్యాక నేను సుభాష్‌పల్లి వెళ్తాను. సంచిలో బైబిలు, జపమాల ఉంటాయి. ఉపవాసం కాబట్టి మంచినీళ్లు తాగి, అక్క మంచం మీద, నేను పీట మీద కూర్చుంటాం. ముందు గదిలో టీవీ నడుస్తుంటుంది. నేను ఆ పఠనం మొదటి నుంచి చదువుతాను. ఆమె ఆగిపోయిన మాట దగ్గరికి వచ్చాక నేనూ ఆగుతాను. పూసను బొటనవేలితో పట్టుకుని చూపిస్తాను. పుస్తకం ఆమె వైపు తిప్పుతాను. అక్క పెదవుల వంక చూస్తూ కూర్చుంటాను.

ముందు గదిలో నవ్వులు వినిపిస్తుంటాయి. చాలాసేపు ఆగుతాను. అక్క పుస్తకంలోకి చూస్తుంది, ఒక్కోసారి పెదవులు కూడా కదులుతాయి. తర్వాత చేతితో పుస్తకాన్ని మెల్లగా నా వైపే తిప్పేస్తుంది. మిగతాది నేనే చదివేసి ఇంటికి వస్తాను.